ఈతకు దిగిన తెలుగు సిపాయి: షంషేర్ ఖాన్ ప్రథమత్వమును గూర్చిన సమీక్ష

2017 అక్టోబరు 15వ తేదీన గుంటూరు జిల్లా రేపల్లె చెంతనున్న కైతేపల్లి గ్రామమున మెహబూబ్ షంషేర్ ఖాన్ అను విశ్రాంత సుబేదారు కన్నుమూసినప్పుడు, పెక్కు పత్రికలు ఆయనను రెండు విశేషణములతో స్మరించినవి. ఒలింపిక్ క్రీడలలో భారతదేశము పక్షమున ఈదిన మొట్టమొదటి వ్యక్తి యనునది మొదటిది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో అయిదవ స్థానము పొందిన వీరుడనునది రెండవది. ఒక పత్రిక వ్రాసినదానిని మరియొక పత్రిక ఎత్తివ్రాయగా, ఆ రెండు మాటలును విజ్ఞానసర్వస్వములకును, పోటీపరీక్షల పుస్తకములకును ఎక్కి స్థిరపడినవి. ఈ రెండింటిలో ఏది నిలుచును, ఏది నిలువదు, నిలువనిదానిని తీసివేసిన పిమ్మట ఆ మనుష్యుని ఘనత తగ్గునా హెచ్చునా యను విచారము నేటివరకు తెలుగులో సాకల్యముగ జరిగినట్లు కానరాదు. చనిపోయినవారిని పొగడుటలో మనకు గల ఔదార్యము వారిని గూర్చి తెలిసికొనుటలో లేకపోవుటయే ఇందులకు కారణమని నా యభిప్రాయము.

మొదట జీవితమును సంగ్రహముగ చూతము. కైతేపల్లి కృష్ణా డెల్టాలోని పల్లె. తెనాలి నుండి వచ్చు రైలుకొమ్మ రేపల్లెతో ముగియును; అటు తరువాత కాలువలు, వరిపొలములు, కృష్ణ పాయలు, సముద్రము. 2022 జిల్లాల పునర్విభజనలో ఈ ప్రాంతము బాపట్ల జిల్లాలో చేరినది గాని, షంషేర్ ఖాన్ జీవితకాలమంతయు ఆయన గుంటూరు జిల్లావాడే. కాలువ లేని వీధి యరుదైన ఆ సీమలో పిల్లవానికి ఈత వచ్చుట విశేషము కాదు, రాకపోవుటయే విశేషము. యౌవనారంభముననే ఆయన సైన్యమున చేరెను. పల్లెకాలువలో నేర్చిన బారలకు గడియారమును, దూరపుకొలతను, నియమావళిని చేర్చినది సైన్యమే. 1954లో బెంగుళూరున 200 మీటర్ల బటర్‌ఫ్లై ఈతలో ఆయన జాతీయ రికార్డు నెలకొల్పెను. రెండేండ్లకు మెల్‌బోర్న్ వెళ్ళి 200 మీటర్ల బటర్‌ఫ్లై, 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ పోటీలలో దిగెను. ఆ పిమ్మట 1962 చైనా యుద్ధమునందును, 1971 పాకిస్థాన్ యుద్ధమునందును సైనికునిగ పాల్గొని, 1973లో సుబేదారు హోదాలో విరమించి స్వగ్రామమునకు మరలెను. అటుపై నాలుగు దశాబ్దములకు మించి ఆయన ఆ పల్లెలోనే యుండెను. నాలుగేండ్ల కొకమారు ఒలింపిక్సు వచ్చినప్పుడు విలేఖరులు రేపల్లె రైలెక్కి వచ్చి ఆయన గడపయందు నిలిచి, మాట్లాడించి, ఛాయాచిత్రము తీసికొని వెళ్ళెడివారు.

ఇక మొదటి విశేషణమును పరీక్షింతము. భారతదేశపు ఈతగాండ్రలో షంషేర్ ఖాన్ ఒలింపిక్ ప్రథముడు కాడు. 1932లో లాస్ ఏంజెలెస్ నగరమున జరిగిన క్రీడలలోనే నళిన్ మాలిక్ అను వంగీయుడు దీర్ఘదూరపు పోటీలలో భారతదేశము తరపున ఈదియుండెను. స్వాతంత్ర్యము వచ్చిన మరుసటియేడు, 1948 లండన్ క్రీడలకు ఈతగాండ్రును, వాటర్‌పోలో జట్టును కలిసి వెళ్ళిరి. ఆ వాటర్‌పోలో జట్టు చిలీ దేశమును 7-4 గోల్సుతో ఓడించగా అందులో నాలుగు గోల్సు సచిన్ నాగ్ అనువాడు వేసెను. ఆ సచిన్ నాగే 1951లో ఢిల్లీయందు జరిగిన తొలి ఆసియా క్రీడలలో 100 మీటర్ల ఫ్రీస్టైల్ గెలిచి, ఆసియా క్రీడల చరిత్రలో భారతదేశమునకు మొట్టమొదటి స్వర్ణపతకము తెచ్చెను. 1952 హెల్సింకీ క్రీడలకు డాలీ నజీర్, ఆరతీ సాహా అను ఇరువురు బాలికలు వెళ్ళిరి. వారిలో ఆరతి వయస్సు అప్పటికి 11 సంవత్సరములు మాత్రమే. అనంతరకాలమున, 1959లో, ఇంగ్లీషు కాలువను ఈది దాటిన తొలి ఆసియా వనిత ఆమెయే. ఇంతమంది ముందు నడచిన దారిలో షంషేర్ ఖానును మొదటివాడనుట చరిత్రకు విరుద్ధము. పైగా అది వంగదేశపు ఈతకొలనులలో మూడు దశాబ్దములు సాగిన కృషి నంతటిని తుడిచివేయుట యగును. ఆ వంగీయులు తమ వారిని మరువలేదు. 1987లో మరణించిన సచిన్ నాగ్‌కు 2020లో ధ్యాన్‌చంద్ పురస్కారము మరణానంతరము లభించెను; ముప్పదిమూడేండ్లు గడచినను ఆ పేరు జాబితాకు ఎక్కినదన్నచో ఎవరో ఒకరు దానిని అడుగుచునే యుండిరన్నమాట.

అయినచో ఆయన దేనిలోను ప్రథముడు కాడా? ఇక్కడనే ఈ విషయము రసవత్తరమగుచున్నది. ఆయన ఈదిన ఈత చరిత్రను తెలిసికొనక మనము ఆయనను తూచలేము.

బటర్‌ఫ్లై అను ఈత 1956 మెల్‌బోర్న్‌కు ముందు ఒలింపిక్ క్రీడలలో ప్రత్యేక పోటీగ లేనేలేదు. అంతకుముందు అది బ్రెస్ట్‌స్ట్రోక్ గర్భములో దాగియుండెడిది. బ్రెస్ట్‌స్ట్రోక్ నియమములు రెండు చేతులును కలిసి కదలవలెనని చెప్పినవే గాని, ఆ చేతులను నీటిక్రిందనుండియే ముందునకు తేవలెనని స్పష్టముగ చెప్పలేదు. 1930ల ప్రాంతమున కొందరు చతురులు ఈ సందును గ్రహించి, చేతులను నీటిపైకి లేపి విసరుట ప్రారంభించిరి. నీటిలో కంటె గాలిలో చేయి కదలుట సులభము గదా! అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున రెండు కాళ్ళనును జతపరచి చేప తోకవలె పైకిని క్రిందికిని కొట్టు పద్ధతి కనుగొనబడినను, నియమములు కాళ్ళ విషయమున దానిని ఒప్పుకొనలేదు. 1948 లండన్ నాటికి బ్రెస్ట్‌స్ట్రోక్ తుదిపోటీకి చేరినవారిలో దాదాపు అందరును చేతులను నీటిపైనుండియే విసరుచుండిరి. పేరు బ్రెస్ట్‌స్ట్రోక్, ఈత వేరు. 1952 హెల్సింకీ క్రీడల పిమ్మట అంతర్జాతీయ ఈత సమాఖ్య ఈ రెండింటిని విడదీసి, బటర్‌ఫ్లైకి తోకదెబ్బను కూడ అనుమతించినది. మెల్‌బోర్న్‌లో పురుషులకు 200 మీటర్లు, స్త్రీలకు 100 మీటర్లుగ అది తొలిసారి ఒలింపిక్ పట్టికకు ఎక్కినది.

ఈ తేదీలను షంషేర్ ఖాన్ జీవితము ప్రక్కన పెట్టి చూడుడు. 1954లో ఆయన బెంగుళూరున రికార్డు నెలకొల్పునాటికి ఆ పోటీ వేరుపడి రెండేండ్లైనను నిండలేదో, అప్పుడే నిండినదో! సినిమాచిత్రములు చూచి నేర్చుకొను సౌకర్యము లేదు, ఆ ఈతలో తలపండిన గురువు ఈ దేశమున ఉండుట కవకాశమే లేదు. ఏలయన అప్పటికి ఆ ఈతకే పండుటకు వయస్సు చాలదు. అట్టి దశలో దానిని పట్టుకొని, రెండేండ్లలో ఒలింపిక్ కొలనుదాక తీసికొనిపోయినవాడు ఈ డెల్టా సిపాయి. ఒలింపిక్సులో బటర్‌ఫ్లై మొదలైననాడే దానిని ఈదిన భారతీయుడు గనుక, ఆ ఈతకు సంబంధించినంతవరకు ఆయన ప్రథమత్వము నిర్వివాదము. అసలైన ప్రథమత్వము చేతిలోనుండగ, అబద్ధపు ప్రథమత్వమును ఆయన మెడలో వ్రేలాడదీసితిమి.

ఆ ఈతను ఎన్నడును ఈదనివారికి 200 మీటర్ల బటర్‌ఫ్లై యొక్క కాఠిన్యము తెలియదు. తక్కిన ఈతలలో అలసినవాడు కొంత జారుకొనవచ్చును; వెల్లకిల తిరిగినవానికి ఊపిరి ఎల్లప్పుడు అందుబాటులోనే యుండును; కప్పవలె కాళ్ళుతన్నువానికి ప్రతి తాపుకు తరువాత జారువిరామము కలదు. బటర్‌ఫ్లైలో రెండు భుజములును ఏకకాలమున నీటిని చీల్చుకొని పైకి రావలెను. అవి వచ్చు ఆ లిప్తలోనే తలయెత్తి ఊపిరి పీల్చి, చేతులు పడులోపల తల మరల నీట ముంచవలెను. నడుమునుండి పుట్టిన అల తుంటిమీదుగ మోకాళ్ళకు, మోకాళ్ళనుండి పాదములకు దిగవలెను. నూరు మీటర్లు దాటిన తరువాత భుజములు బరువెక్కును. నూటయేబది దాటునప్పటికి చేతులు నీటినుండి వెలువడుటకు మొరాయించును, తుంటి క్రిందికి దిగును, ప్రతి బారయు ముందునకు పోవుటకు గాక మునగకుండుటకే చాలును. ఒక చేయి ముందు, ఒక చేయి వెనుక వేయుటకు వీలులేదు, వేసినచో పోటీనుండి తొలగింతురు. ఇతర ఈతలలో ఓడినవాడు వెనుకబడును. ఇందులో ఓడినవాడు అందరి యెదుట విరిగిపోవును. అందుచేతనే నేటికిని శిక్షకులు పిల్లలకు దీనిని చివరను నేర్పుదురు.

రెండవ విశేషణమును గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. మెల్‌బోర్న్ 200 మీటర్ల బటర్‌ఫ్లై తుదిపోటీ గెలిచినవాడు అమెరికాకు చెందిన విలియం యోర్జిక్, 2 నిమిషముల 19.3 సెకండ్లలో. రెండవవాడు జపానుకు చెందిన తకాషి ఇషిమోతో, మూడవవాడు హంగరీకి చెందిన జార్జి తుంపెక్, అయిదవవాడు ఆస్ట్రేలియాకు చెందిన జాన్ మార్షల్. షంషేర్ ఖాన్ పేరు ఆ తుదిపోటీలో లేదు. ఆయన పొందిన అయిదవ స్థానము ప్రాథమిక పందెములగు హీట్స్‌లోనిదై యుండవలెను. హీట్స్‌లోని వరుసను ప్రపంచపు వరుసగ చదివిన తొందరపాటు ఏ విలేఖరిదో గాని, దానివలన నష్టపోయినది షంషేర్ ఖానే. ప్రపంచమున అయిదవవాడైయుండి నిరాదరణకు గురియైనాడని చెప్పిన కథకు కరుణరసము హెచ్చును, సందేహము లేదు. అయితే ఎవడో ఒకడు పాతపట్టిక తీసి చూచిననాడు ఆ కథ అంతయు కూలి, దానితోపాటు నిజమైన ఘనతయు అనుమానాస్పదమగును. హీట్స్‌లో వెనుదిరుగుట అవమానము కాదు. అదే ఒలింపిక్సులో హీట్స్‌లోనే వెనుదిరిగిన మరియొక భారత సైనికుని పేరు నేడు ప్రతి పిల్లవానికి తెలియును.

ఆ సైనికుని ప్రస్తావన వచ్చినది గనుక, మెల్‌బోర్న్ క్రీడలను సికింద్రాబాదులోని మా బోయిన్‌పల్లి నుండి ఒకమారు చూతము. ఇక్కడినుండి కొద్దిదూరమున తిరుమలగిరి యందు సైన్యపు ఇ.ఎం.ఇ. కేంద్రము కలదు. 1950ల తొలియేండ్లలో మిల్ఖా సింగ్ అను పంజాబు యువకుడు సిపాయిగ చేరి శిక్షణ పొందినది అక్కడనే. కొత్తసిపాయిల కందరికి విధిగ పెట్టిన ఆరుమైళ్ళ పరుగులో ఆయన మొదటి పదిమందిలో నిలిచి, పరుగును వృత్తిగ స్వీకరించినదియు అక్కడనే. ఆ సమీపముననే యున్న అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఇరువది యేండ్ల వయస్సున మెల్‌బోర్న్ వెళ్ళిన ఫుట్‌బాల్ జట్టులో ఉండెను. ఆ జట్టు గురువు హైదరాబాదీయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియానే 4-2తో ఓడించి, సెమీఫైనల్ చేరి, నాలుగవ స్థానమున నిలిచిన ఆ జట్టు కథ మన కంటోన్మెంటు మైదానములలో నేటికిని ముసలివారు చెప్పుకొందురు. ఇంకొక విశేషము: ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము 1956 నవంబరు 1న అవతరించగా, మెల్‌బోర్న్ క్రీడలు నవంబరు 22న ప్రారంభమైనవి. మూడువారముల పసిరాష్ట్రము. రహీం, బలరాం హైదరాబాదు వైపువారు, షంషేర్ ఖాన్ గుంటూరు వైపువాడు. నిన్నటిదాక వేరువేరు రాష్ట్రములకు చెందినవారు ఒకే రాష్ట్రవాసులుగ అక్కడ నిలిచిరన్నమాట. దీనిని రాజకీయముగ చాటుకొనదగినంత అవకాశముండియు ఆనాటి ప్రభుత్వమునకు తోచకపోవుట వింతయే. ఫుట్‌బాల్‌ను గూర్చి కొంత తోచినది, ఈతను గూర్చి తోచలేదు.

మిల్ఖా సింగ్ మెల్‌బోర్న్‌లో 200, 400 మీటర్ల పరుగులలో హీట్స్ దాటలేదు. రెండేండ్లకు, 1958లో, టోక్యో ఆసియా క్రీడలలో ఆ రెండింటిలోను స్వర్ణములు గెలిచెను. అదేయేడు కార్డిఫ్‌లో కామన్వెల్త్ స్వర్ణము. 1960 రోములో వెంట్రుకవాసిలో పతకము తప్పి నాలుగవ స్థానము. షంషేర్ ఖానుకు రెండవ ఒలింపిక్ కొలను దక్కలేదు. ఒకే సైన్యము, ఒకే ఒడ్డుదాక ప్రయాణము, ఒకే విధమైన పరాభవము. ఇరువురి అనంతరగతులు ఇంత భిన్నములగుటకు వ్యక్తిగత ప్రతిభ ఒక్కటియే కారణమనుకొనుట సుఖమైన భ్రమ. పరుగునకు కావలసినది నేల; దండు ఉన్నచోటనెల్ల మైదానము ఉన్నది, మైదానమున్నచోటనెల్ల పందెమున్నది, వేలమంది సిపాయిలలో ఎవడు వేగవంతుడో తేలుట ఆరుమైళ్ళ దూరములోని పని. ఈతకు కొలిచి కట్టిన కొలను, శుభ్రమైన నీరు, ఏడాది పొడుగున సాధన, ప్రక్కవరుసలో తనను తరుముకొని వచ్చు సమవుజ్జీ కావలెను. చివరిది అన్నిటికంటె దుర్లభము. దేశమున మొదటివాడైన ఈతగానికి దేశములో పోటీ యుండదు; పోటీ లేనివాడు ప్రపంచపు కొలనులో దిగిననాడు మొదటిసారి తన ప్రక్కన ఇతరుల నురుగును చూచును.

ప్రపంచప్రసిద్ధుడైన ఈతగాడును, అలలపై పలకనెక్కి తేలియాడు విద్యకు ఆధునికకాలమున పితామహునిగ పేర్కొనదగినవాడును అగు డ్యూక్ కహనమోకు వృత్తాంతమును దీనితో పోల్చిచూచుట ప్రయోజనకరము. ఆయన 1890 ఆగస్టు 24న హవాయి ద్వీపములలోని హొనలులులో పుట్టెను. 1911లో హొనలులు ఓడరేవు నీటిలో 100 గజములను 55.4 సెకండ్లలో ఈదగా, అది అప్పటి ప్రపంచ రికార్డుకంటె నాలుగున్నర సెకండ్లకు మించి తక్కువగుటచే ప్రధానభూభాగపు అధికారులు నమ్మరైరి. గడియారము తప్పనిరి, ప్రవాహము తోడైనదనిరి. మరుసటియేడు స్టాక్‌హోమ్‌లో 100 మీటర్ల స్వర్ణము గెలిచి ఆయన వారికి సమాధానము చెప్పెను. 1920 ఆంట్‌వర్ప్‌లో రెండు స్వర్ణములు. 1924 పారిస్‌లో, ముప్పదినాలుగవ యేట, జానీ వైస్‌ముల్లర్ చేతిలో ఓడి రజతము. ఇంతటివాడును పొట్టకొరకు హొనలులులో పెట్రోలుబంకు నడుపవలసివచ్చెను. చలనచిత్రములలో చిన్నచిన్న వేషములు వేసెను. 1934లో షెరీఫ్ పదవికి ఎన్నికైన పిమ్మటనే ఆయన బ్రదుకు కుదుటబడెను. కనుక వీరులను పస్తుంచుట మన దేశమునకే చెల్లినదని చెప్పుకొని వగచువారు కొంత ఊరడిల్లవచ్చును.

అయినను కహనమోకు స్మృతి నేటికిని సజీవముగ నున్నది. వైకీకీ తీరమున నిలిపిన కంచువిగ్రహమువలన గాని, ఆయన బొమ్మతో వచ్చిన తపాలబిళ్ళవలన గాని కాదు. 1914-15 వేసవిలో ఆయన సిడ్నీ నగరపు ఫ్రెష్‌వాటర్ తీరమునకు పోయి, అక్కడ దొరికిన కొయ్యతోనే పలకను చెక్కుకొని, అలలనెక్కి చూపెను. పదునైదేండ్ల ఇసబెల్ లెథం అను బాలికను తనతోపాటు పలకపై నిలువబెట్టెను. క్లాడ్ వెస్ట్ అను కుఱ్ఱవానికి ఆ విద్య నేర్పెను. ఆ పలక ఆ తీరపు సంఘమువారి వద్ద నేటికిని భద్రముగనున్నది. ఆ కుఱ్ఱవాడు మరియొకరికి, వారు మరికొందరికి నేర్పగా ఆస్ట్రేలియా తీరమంతయు ఆ విద్య వ్యాపించెను. మన షంషేర్ ఖాన్ కొలనులో ఈదుచున్న ఆ మెల్‌బోర్న్ క్రీడల సందర్భముననే, దగ్గరనున్న టార్కీ తీరమున కాలిఫోర్నియా, హవాయి యువకులు తేలికపలకలతో అలలపై కొత్తకొత్త మలుపులు త్రిప్పి చూపి ఆస్ట్రేలియావారిని ముగ్ధులను చేసిరి. 1925 జూన్‌లో కాలిఫోర్నియా తీరమున పడవ తలక్రిందులైనప్పుడు కహనమోకు తన పలకపై పోయి వచ్చి ఎనమండుగురిని ఒడ్డుచేర్చెను. ప్రాణరక్షణకు పలకను వాడవచ్చునని తీరరక్షకులకు తెలిసివచ్చినది ఆ సంఘటనచేతనే. ఆయన విద్యకు అడుగడుగున అందుకొను చేతులుండినవి. షంషేర్ ఖాన్ ఈదిన నీరు దండువారి నీరు. ఆయన విరమించి వచ్చినప్పుడు ఆ నీరు ఆయనవెంట రైలెక్కి రాలేదు. రేపల్లె కాలువ ఉన్నది, అందు పిల్లలు ఉన్నారు. వారికిని ఆయనకును మధ్య ఒక ఈతసంఘముగాని, ఒక కొలనుగాని, నెలకొక పందెముగాని కల్పించవలసినవారు కల్పించలేదు.

ఇక తెలుగువారికి నీటితో గల సంబంధమేమి? జలక్రీడ మహాకావ్యములోని అష్టాదశవర్ణనలలో ఒకటి గనుక మన ప్రబంధకవులందరును రాజును, రాణివాసమును నీటిలో దింపి, చిమ్మనగ్రోవులతో నీరు చల్లించి, కుంకుమపూలు తేలించి, పద్యములు నింపిరి. అందులో ఈదినవాడు ఒక్కడును లేడు! ఈత రాజులది గాక బెస్తలది, పల్లెకారులది, గంగపుత్రులది, గొడ్లకాపరులది. తెలంగాణమున అది బావులది. నేనెరిగినంతలో పల్లెటూళ్ళలో ఈత నేర్పు పద్ధతి ఇది: ఎండిన సొరకాయబుర్రను గాని బెండ్లకట్టను గాని పిల్లవాని నడుమునకు త్రాటితో కట్టి, మోటబావి గట్టునుండి పెద్దవాడొకడు వానిని నీటిలోనికి త్రోయును. పిల్లవాడు కేకలు పెట్టును, నీళ్ళు మ్రింగును, చేతులు కొట్టును. బుర్ర వానిని మునుగనీయదు, పోనీయదు. నాలుగు దినములకు కేకలు తగ్గును. వారమునకు బుర్రను కొంచెము వదులుగ కట్టుదురు. ఒకనాడు వానికి తెలియకుండ విప్పివేయుదురు. ఆ పిమ్మట వాడు మెట్లపైనుండి, గిలకదూలముపైనుండి, గట్టున వంగిన చింతకొమ్మపైనుండి దూకును. వెల్లకిల ఈత, నిలువీత, మునుగీత అన్నియు అక్కడనే. గురుదక్షిణ లేదు, కట్టుబడి లేదు, రుసుము లేదు. గొట్టపుబావులు వచ్చి భూగర్భజలము అడుగంటగా ఆ దిగుడుబావులు ఎండినవి, కొన్ని పూడ్చబడినవి, కొన్ని చెత్తకుప్పలైనవి. ఒక తరమునకు ఈత నేర్పిన పాఠశాలలు వేలకొలది మూతపడినను ఏ శాసనసభలోను ఒక ప్రశ్న పుట్టలేదు.

మా బోయిన్‌పల్లి చెరువు సంగతియు అంతే. హస్మత్‌పేట చెరువని పిలువబడు ఈ బోయిన్ చెరువులో నేడు కాలుపెట్ట సాహసించువాడు లేడు. మురుగునీరు చేరి, గుర్రపుడెక్క అల్లుకొని, వినాయకనిమజ్జనపు దినములలో తప్ప మనుష్యులకు దానితో పనిలేకపోయినది. హుస్సేన్ సాగరమున తెరచాప పడవల పోటీలు జాతీయస్థాయిలో జరుగును గాని అందు ఈదువాడు లేడు. ఈతగాండ్ర ప్రసక్తి మన దినపత్రికలలో వచ్చు సందర్భము ఒక్కటే: సెలవుదినమున చెరువుకో, క్వారీగుంతకో పోయిన విద్యార్థులు మునిగిపోగా, గజ ఈతగాండ్రను రప్పించి శవములను వెలికితీయించినారను వార్త. దేశమున ఏటేట 30,000కు పైబడి జనము నీట మునిగి మరణించుచున్నట్లు ప్రభుత్వ గణాంకములే చెప్పుచున్నవి. రేపల్లెకు ఎదురుగ కృష్ణ ఆవలి ఒడ్డుననున్న దివిసీమను 1977 నవంబరు 19న సముద్రపుటుప్పెన ముంచి వేలమందిని పొట్టన పెట్టుకొన్న ఆ డెల్టాకు, ఈత ఒక విలాసమని ఎవరు చెప్పగలరు?

కొలనులు అసలు రాలేదని చెప్పుట అన్యాయము. 2002 డిసెంబరులో హైదరాబాదున జాతీయ క్రీడలును, 2003లో ఆఫ్రో-ఆసియా క్రీడలును జరిగిన సందర్భమున గచ్చిబౌలిలో ఒలింపిక్ ప్రమాణముల ఈతప్రాంగణము వెలసినది. నగరమున పురపాలక కొలనులును, ప్రైవేటు కొలనులును కలవు. వేసవి శిబిరములలో పిల్లలు కిటకిటలాడుదురు. జూన్ రాగానే బడులు తెరువబడును, కొలనులు ఖాళీయగును. రెండునెలల ఈతతో ప్రాణము దక్కవచ్చును, పతకము దక్కదు. అయినను ఈ నగరమునుండియే కొన్ని సాహసములు వెలువడినవి. సామర్లకోటలో పుట్టి హైదరాబాదున స్థిరపడిన గోలి శ్యామల నడివయస్సున ఈత నేర్చి, 2021 మార్చిలో, 47వ యేట, శ్రీలంకలోని తలైమన్నార్ నుండి ధనుష్కోటివైపు పాక్ జలసంధిని, దాదాపు 30 కిలోమీటర్లు, పదమూడు గంటలకు మించి ఈది దాటెను. ఆమెకు మార్గదర్శియైన పోలీసు అధికారి రాజీవ్ త్రివేది తానును అంతకుముందు ఆ జలసంధిని దాటినవాడే. ఒకరు దాటి మరియొకరిని దాటించుట యనునది మన ఈతచరిత్రలో ఇంత ఆలస్యముగ కనబడినది.

షంషేర్ ఖాన్ ఈదిన పోటీయే దేశపు ఈతకు పదేపదే వాకిలి తెరచుట మరియొక విశేషము. 1986లో సియోల్ ఆసియా క్రీడలలో ఖజాన్ సింగ్ రజతము గెలిచినది 200 మీటర్ల బటర్‌ఫ్లైలోనే. 2021 జూన్‌లో రోము నగరమున కేరళీయుడైన సాజన్ ప్రకాశ్ 1 నిమిషము 56.38 సెకండ్లలో ఈది, ఒలింపిక్ 'ఎ' అర్హతాకాలమును అందుకొన్న తొలి భారతీయుడైనది కూడ ఆ పోటీలోనే. మెల్‌బోర్న్ స్వర్ణవిజేత కాలముకంటె ఇది దాదాపు 23 సెకండ్లు తక్కువ; అరువదియైదేండ్లలో ఆ ఈత ఎంత దూరము పోయినదో దీనివలన ఊహింపవచ్చును. భారతీయ బటర్‌ఫ్లై చరిత్ర వ్రాయువాడు ఖజాన్ సింగ్‌తో మొదలుపెట్టుట పరిపాటి. రేపల్లెనుండి మొదలుపెట్టవలెను.

కావున మన విజ్ఞానసర్వస్వములును, పాఠ్యపుస్తకములును, క్రీడాశాఖల ప్రచురణలును తమ తరువాతి ముద్రణలో ఆ పేరుక్రింద ఇట్లు దిద్దుకొనుట సమంజసము: ఒలింపిక్సులో ఈదిన తొలి భారతీయుడను మాటను, మెల్‌బోర్న్‌లో అయిదవస్థానము అను మాటను కొట్టివేసి, బటర్‌ఫ్లై ఒలింపిక్ పట్టికకు ఎక్కిన 1956లోనే దానిని ఈదిన తొలి భారతీయుడు, 1954 బెంగుళూరు జాతీయ రికార్డు నెలకొల్పినవాడు, రెండు యుద్ధములు చూచిన సుబేదారు అని వ్రాయవలెను. రేపల్లెలో ఆయన పేరిట విగ్రహము నిలుపవలెనను సూచన ఎవరైన చేసినచో, ఆ వ్యయముతో ఆ కాలువగట్టున పాతిక మీటర్ల కొలనొకటి త్రవ్వించి, ఏడాది పొడుగున జీతమిచ్చి ఒక శిక్షకుని నియమించుట మేలని నేను వాదింతును.